స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి ఇంటిపన్ను బకాయి

డేటా జర్నలిస్టు కావాలనుకునే యువతీయువకులు ఆ ఉద్యోగాన్ని ఊహించుకునే తీరు ఒకటున్నది. ఎదురుగా రెండు మానిటర్లు ఉంటాయి, రాష్ట్ర పటం మీద జిల్లాలన్నీ పసుపు నుంచి ఎరుపు దాకా రంగులు మారుతుంటాయి, ఒక బటన్ నొక్కగానే కుంభకోణం బయటపడుతుంది, మరునాడు ఆ పటాన్నే పట్టుకుని శాసనసభలో ప్రతిపక్షం లేచి నిలబడుతుంది. ఆ పటం వెనుక ఉన్న పనిలో ముప్పాతిక వంతు, ఎవరో స్కానరు మీద వంకరగా పెట్టి తీసిన పీడీఎఫ్‌లోని అంకెలను ఒక్కొక్కటిగా గడుల్లో కూర్చోబెట్టడమేనని వారికి ఎవరూ చెప్పరు. చెబితే ఎవరూ చేరరు.

మా జిల్లా డెస్కుకు వచ్చిన కుర్రవాడు మాత్రం అన్నీ తెలిసే చేరాడు. ఇంజనీరింగ్ పూర్తి చేసి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటరును పక్కన పెట్టి పత్రికలోకి వచ్చిన ఈ అబ్బాయి గురించి అతని తల్లి బంధువుల దగ్గర “మావాడిదీ సాఫ్ట్‌వేరేనమ్మా, కాకపోతే పేపరాఫీసులో” అని సర్దిచెప్పుకుంటున్నదని అతనే చెప్పి నవ్వేవాడు. ఈ వృత్తి నిన్న మొన్న పుట్టినది కాదనీ, 1821 మే 5న మాంచెస్టర్‌లో వెలువడిన గార్డియన్ పత్రిక తొలి సంచికలోనే ఆ ఊరి బడులు, విద్యార్థుల సంఖ్య, అయ్యే ఖర్చు చూపే పట్టిక ఉన్నదనీ అతను చేరిన రోజునే మా డెస్కు ఇన్‌చార్జి గారికి వివరించాడు. ఆయన ఓపికగా విని, “అప్పట్లో అంతా చేత్తో రాసేవాళ్లు బాబూ, అందుకే తప్పులు పోయేవి కావు” అన్నారు. ఆ మాటలో ఎంత ముందుచూపు ఉన్నదో అప్పటికి ఆయనకే తెలియదు.

కుర్రవాడు తలపెట్టిన మొదటి పెద్ద కథనం పట్టణంలోని ఇంటిపన్ను మొండి బకాయిల మీద. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. జవాబు ఇవ్వడానికి చట్టం 30 రోజుల గడువు ఇచ్చింది; కార్యాలయం ఆ గడువును ఆఖరి రోజు దాకా గౌరవించింది. సాఫ్ట్ కాపీ కావాలని అతను స్పష్టంగా రాసినా వచ్చింది మాత్రం ట్యాగుతో కుట్టిన కాగితాల కట్ట. చివరికి ఒక గుమస్తా గారు జాలిపడి పెన్ డ్రైవులో ఫైళ్లు ఎక్కించి ఇచ్చారు. వాటిలో తెలుగంతా ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నది. ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగును కాపీ చేసి, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లో అతికిస్తే ఏమవుతుందో డీటీపీ ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటి యజమానుల పేర్ల స్థానంలో డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ, ఏ భాషకూ చెందని అక్షరాలూ ప్రత్యక్షమవుతాయి. వాటిని మళ్లీ మనుషుల పేర్లుగా మార్చడానికి అతను సొంతంగా ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. ఒకే లక్ష్మిగారిని ముగ్గురు బిల్లు కలెక్టర్లు మూడు రకాల స్పెల్లింగులతో రాసుకోగా ఆమెను తిరిగి ఒకే మనిషిని చేశాడు. ఇంటి నంబరు, యజమాని పేరు, బకాయి మొత్తం అనే మూడు నిలువు వరుసలతో ఫైలును ముత్యంలా తయారుచేసి, సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా భద్రపరచి, ఇన్‌చార్జి గారికి మెయిల్ చేసి, వారాంతపు సెలవు మీద ఊరికి బస్సెక్కాడు.

ఇక్కడ మన ఊళ్లలోని ఇంటి నంబర్ల గురించి ఒక మాట చెప్పాలి. వార్డు, బ్లాకు, ఇల్లు అనే వరుసలో అడ్డగీతలతో రాసే పద్ధతి కోస్తా పట్టణాల్లోనూ ఉన్నది, హైదరాబాదులోనూ ఉన్నది. తపాలా జవాను చూస్తే అది ఇల్లు. ఎక్సెల్ చూస్తే అది తేదీ. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలు. ఫలానా వరుస ఇంటి నంబరు, దీని జోలికి పోవద్దు అని చెప్పే ఏర్పాటు అందులో ఉండదు. ఆ ఫైలు మీద మౌసుతో టకటకా రెండుసార్లు నొక్కి తెరిస్తే ఎక్సెల్ తన తెలివినంతా ఉపయోగిస్తుంది. ఆ తెలివికి జన్యుశాస్త్రవేత్తలే తట్టుకోలేకపోయారు. మార్చ్1, సెప్ట్1 అని పిలుచుకునే జన్యువులను అది పట్టుబట్టి మార్చి ఒకటో తేదీగా, సెప్టెంబరు ఒకటో తేదీగా మారుస్తుంటే, సాఫ్ట్‌వేరును మార్చడం అయ్యే పని కాదని, 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. మనిషి ఒంట్లోని జన్యువే పేరు మార్చుకోగా, మా ఊరి మూడో వార్డు ఏపాటిది?

ఇన్‌చార్జి గారు ఆ రాత్రి ఫైలు మీద టకటకా రెండుసార్లు నొక్కారు.

15-8-47 నంబరు గల ఇల్లు 1947 ఆగస్టు 15 అయింది. 1-11-56 ఇల్లు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవమైంది. 25-6-75 ఇంటివారి మీద ఎమర్జెన్సీ పడింది. ఆఫీసు కంప్యూటరులోని లెక్క ప్రకారం చివరి రెండంకెలు 30 మొదలు 99 వరకు ఉంటే గత శతాబ్దం, 00 మొదలు 29 వరకు ఉంటే ఈ శతాబ్దం కనుక, 11-5-29 నంబరు ఇల్లు ఇంకా రాని 2029 మే నెలలోకి వెళ్లి కూర్చున్నది. 29-13-29 వంటివి మాత్రం, పదమూడో నెల ఎక్సెల్ దగ్గర కూడా లేదు కనుక, ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి. ఆ మిగిలిన నంబర్లను ఇన్‌చార్జి గారు “ఈ తేదీలు తప్పులతడకగా ఉన్నాయి” అని ఎర్ర రంగు పూసి తీసివేశారు. ఆ విధంగా జాబితాలో సరిగా ఉన్నవన్నీ పోయి, చెడినవన్నీ దక్కాయి.

తేదీలు చూసి ఆయనలోని పాత విలేకరి మేల్కొన్నాడు. బకాయిల ఫైలులో తేదీ ఉన్నదంటే అది పన్ను కట్టడం మానిన తేదీ కాక మరేమవుతుంది? కంప్యూటరు ముందు కూర్చున్న సబ్‌ఎడిటరుతో “స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి పన్ను కట్టనివాడు మన ఊళ్లో ఉన్నాడయ్యా!” అన్న ఆయన గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువగా వినిపించింది. 2029 సంగతి ఏమిటని సబ్‌ఎడిటరు అడగకపోలేదు. “అది గడువు పొడిగించిన కేసు” అని ఇన్‌చార్జి గారు తేల్చారు. మునిసిపాలిటీ వ్యవహారాలను ఏళ్ల తరబడి రాసిన మనిషికి అటువంటి వివరణ తట్టడంలో వింతేమీ లేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. పేజీలో బాక్సు కట్టడానికి మూడు వరుసలు పట్టకపోవడంతో బకాయి మొత్తం ఉన్న వరుసను తీసివేశారు. తరువాత, తేదీలు పేజీలోకి వెళ్లేటప్పుడు చెదరకూడదన్న జాగ్రత్తతో సబ్‌ఎడిటరు ఆ వరుసను ఎంచి టెక్స్ట్‌గా మార్చాడు. ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు. 1900 జనవరి ఒకటిని ఒకటిగా పెట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కవేసుకుంటుంది. (ఆ లెక్కలో 1900 ఫిబ్రవరికి 29 రోజులున్నాయి, నిజానికి ఆ ఏడాది లీపు సంవత్సరం కాదు. లోటస్ అనే పాత ప్రోగ్రాములోని పొరపాటుతో పొందిక కోసం దాన్ని అలాగే అట్టేపెట్టారు.) అందువల్ల టెక్స్ట్ చేయగానే 1947 ఆగస్టు 15 కాస్తా 17394గా మారింది. 2029 మే 11 ఏమో 47249 అయింది. వరుసలోని అంకెలన్నీ పదివేలకు పైన, యాభై వేలకు లోపు, చిల్లరతో సహా ఇంటిపన్నులాగే ఉన్నాయి. “బకాయి మొత్తాలు ఇక్కడే ఉన్నాయి సార్, మనం అనవసరంగా ఆ వరుస తీసేశాం” అని సబ్‌ఎడిటరు సంబరపడి, ప్రతి అంకె ముందూ రూపాయి గుర్తు చేర్చాడు.

మరునాడు జిల్లా పేజీలో వచ్చిన వార్త ప్రకారం, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి దమ్మిడీ కట్టని గృహస్థు బాకీ పడినది 17,394 రూపాయలు. 2029లో కట్టవలసిన గృహస్థు బాకీ 47,249 రూపాయలు. ఎంత ఆలస్యంగా కడితే అంత తక్కువ పడుతుందన్న సూత్రం ఆ పట్టిక పై నుంచి కింది వరకు ఎక్కడా తప్పలేదు.

పది గంటలకల్లా మొదటి గృహస్థు రసీదుల సంచితో ఆఫీసుకు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. 1947లో తమ తాతగారు వేరే జిల్లాలో కౌలు చేసుకుంటున్నారనీ, ఈ ఇల్లు తాను పీఎఫ్ డబ్బుతో 1996లో కట్టించుకున్నాననీ, తన బకాయి మొన్నటి అర్ధ సంవత్సరానిది మాత్రమేననీ చెప్పి, రసీదులను ఏడాది వరుసలో బల్ల మీద పేర్చారు. ఇన్‌చార్జి గారు మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు. మాస్టారు నీళ్లు తాగి, వార్తను కళ్లజోడు దగ్గరగా పెట్టుకుని తేదీని కాసేపు చూసి, “ఇది మా డోరు నంబరే కదండీ!” అన్నారు. ఆఫీసులో అందరికంటే ముందు విషయం పట్టుకున్నది ఆయనే.

మధ్యాహ్నానికి ఊరి నుంచి దిగిన కుర్రవాడు తన ముత్యాన్ని ఆ స్థితిలో చూసి కొంతసేపు మాట్లాడలేదు. 2020లో ఇంగ్లండులో కొవిడ్ కేసులు దాదాపు 16 వేలు లెక్కలోకి రాకుండా పోయినదీ ఎక్సెల్ ఫైలు వల్లనేననీ, పాత తరహా ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టకపోవడమే అందుకు కారణమనీ చెప్పి, తనను తాను ఓదార్చుకున్నాడో, ఇన్‌చార్జి గారిని ఓదార్చాడో తెలియదు. తరువాత ఆయన పక్కన కూర్చుని, ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని ఇంటి నంబరు వరుసను ముందే టెక్స్ట్‌గా ప్రకటించాలని చేసి చూపాడు. ఆయన ముఖం చూసి, అది కుదరనప్పుడు అంకె ముందు ఒక సింగిల్ కోటు పెట్టి కొడితే ఎక్సెల్ దాని జోలికి రాదని కూడా చెప్పాడు.

ఇన్‌చార్జి గారికి ఆ రెండో ఉపాయం బాగా నచ్చింది. ఎక్సెల్ మీద పగ తీర్చుకునే అవకాశం దొరికినట్టు, సవరణ కోసం ఆ సాయంత్రమంతా కూర్చుని జాబితాను మొదటి నుంచి స్వయంగా కొట్టారు. ఇంటి నంబర్ల ముందు సింగిల్ కోటు పెట్టారు. అదే ఊపులో, ఎందుకైనా మంచిదని, బకాయి మొత్తాల ముందు కూడా పెట్టారు. కోటు పెట్టిన అంకెను ఎక్సెల్ అంకెగా చూడదు, సమ్ ఫార్ములా దాన్ని కూడదు. కింద మొత్తం గడిలో సున్నా వచ్చింది.

“చూడు బాబూ, పట్టణంలో మొత్తం బకాయిలు సున్నా అని చూపిస్తోంది” అని ఆయన కుర్రవాణ్ణి పిలిచారు. అతను లేచి వచ్చేలోపే మరొక మాట కూడా అన్నారు: “ఇదే వేసేద్దామా? కమిషనర్ గారూ సంతోషిస్తారు, మాస్టారూ సంతోషిస్తారు.”