కేకు ముందా, సూర్యుడు ముందా

నిన్న మావాడి పుట్టినరోజు. వాడికి ప్రాణస్నేహితులు ఇద్దరు: నాలుగో అంతస్తు అమ్మాయి, ఆరో అంతస్తు అబ్బాయి. అమ్మాయి వాళ్లు జైనులు, బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారం. అబ్బాయి వాళ్లు ముస్లింలు, తరతరాలుగా హైదరాబాదీలు. ఆ పాప ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ముట్టదు కనుక పావ్‌భాజీలో బంగాళాదుంపకు బదులు అరటికాయ వేయించాం. గుడ్డు లేని కేకు చెప్పాం. ఇక మిగిలింది ఒక్కటే. ఇది చాతుర్మాస్యం. సూర్యాస్తమయం తర్వాత పాప మంచినీళ్లు కూడా తాగదు.

అందుకే కేకు ఆరింటికే రప్పించాం. వచ్చింది కూడా, గేటు దాకా. మా అపార్ట్‌మెంట్‌లో గేటు తీయాలంటే ముందు ఒక యాప్ కరుణించాలి. కేకు తెచ్చిన కుర్రాడి ఫోటో తీస్తారు, బండి నంబరు రాస్తారు, నా ఫోనుకు ఓటీపీ వస్తుంది. వస్తుందని చెబుతారు. నేనే దిగి వచ్చి తీసుకుంటానంటే గార్డు ఒప్పుకోలేదు. "మీరు రావచ్చు, పోవచ్చు సార్. కేకు ఎంట్రీ పడాలి కదా" అన్నాడు. దొంగతనాలు జరిగిన రోజున ఈ యాప్ ఏ తీర్థయాత్రకు వెళ్లిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతలో ఎవరో "పొద్దు పోయినట్టుందే" అన్నారు. పడమటి వైపు ఎదుటి భవనం అడ్డం. చూస్తే గానీ తేలదని పెద్దలందరం మేడమీదికి ఎక్కాం. శ్రావణ మాసం మబ్బు. సూర్యుడు ఉన్నాడో లేడో ఆయనకే తెలియాలి.

మా అత్తగారు పంచాంగం తెరిచి, 6.22కే అస్తమయం అయిపోయిందని తీర్పు చెప్పారు. ఫోనులో చూస్తే 6.35 అని ఉంది. "ఫోను చెప్పిందా, సిద్ధాంతిగారు చెప్పారా?" అని నిలదీశారు. సిద్ధాంతిగారిది రాజమండ్రి అనీ, అక్కడికంటే హైదరాబాదులో పొద్దు సుమారు 13 నిమిషాలు ఆలస్యంగా గుంకుతుందనీ నేను రేఖాంశాలు లెక్కగట్టి చెబుతుండగా, రెండో అంతస్తులోని రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్‌గారు గొంతు సవరించుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే నా లెక్కకు గౌరవం దక్కేది.

"అసలు మనం చూసే సూర్యుడు 8 నిమిషాల కిందటివాడండీ" అన్నారాయన. "పైగా వాతావరణంలో కాంతి వంగుతుంది. దిగంతాన్ని తాకుతున్నట్టు కనిపించేసరికి అసలువాడు కిందికి దిగిపోయే ఉంటాడు."

"అయితే పాప కేకు తినవచ్చా, తినకూడదా?" అని మా ఆవిడ అడిగింది.

"అది భౌతికశాస్త్రం పరిధిలోకి రాదమ్మా."

ఆ మాటతో చర్చ ముగియాలి. ముగియలేదు. సముద్రమట్టం నుంచి మన మేడ ఎంత ఎత్తు, ఎత్తుకు పోయినకొద్దీ పొద్దు ఆలస్యంగా గుంకుతుందా, అలాగైతే పదో అంతస్తు జైనులకు నాలుగో అంతస్తువాళ్ల కంటే భోజనానికి ఎక్కువ సమయం దొరుకుతుందా అని తలో మాటా వేశారు. నేను కూడా ఆ చివరి ప్రశ్న మీద చాలా గట్టిగానే వాదించాను. ఎటువైపు వాదించానో ఇప్పుడు గుర్తు లేదు.

అప్పుడే మసీదు నుంచి, పొద్దు గుంకగానే నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. సరిగ్గా అదే క్షణంలో నా ఫోనుకు ఓటీపీ వచ్చింది.

కిందికి పరుగెత్తాం. పిల్లలు ముగ్గురూ నిదానంగా కూర్చుని ఉన్నారు. పావ్ మీద కొవ్వొత్తి గుచ్చి, ఊది, ఎప్పుడో తినేశారట. రంజాన్‌లో ఆ వేళ కోసమే కాచుకుని కూర్చునే ఆరో అంతస్తు అబ్బాయికి మసీదు గోడ మీది వేళల పట్టిక కంఠస్థం. "అజాన్ వచ్చాకే నేను తింటాను అంకుల్. అది రాకముందే తను ఆపేయాలి. అందుకే 6.20కే తినిపించేశాం" అన్నాడు. ఆ పాప, చేతులు కడుక్కుని వచ్చి, మేడమీద ఏం చేస్తున్నారని మమ్మల్ని అడిగింది.

కేకు పెద్దలం తిన్నాం. ఈ ఉదయం గ్రూపులో అసోసియేషన్ కార్యదర్శిగారి సందేశం: అనుమతి లేకుండా మేడ ఎక్కినందుకు మా ఫ్లాటుకు 500 రూపాయలు జరిమానా. నిన్న రెండు ముక్కలు తిన్నాడాయన.