కోటింగ్ వేస్తే ఒంటికి కనపడకుండా పోతుందా?

"నానో మందుకు కోటింగ్ వేస్తారు కాబట్టి ఒళ్లు దాన్ని గుర్తుపట్టదు. నేరుగా క్యాన్సర్ గడ్డలోకే వెళ్తుంది. సైడ్ ఎఫెక్టులు ఉండవు." వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది. నానో మందు అంటే కంటికి కనపడనంత చిన్న కణికల్లో పెట్టిన మందు. కీమో నడుస్తున్న ఇంట్లో ఇలాంటి మాట ఎంత ఆశ పెడుతుందో తెలుసు. అందుకే ఒక్కో ముక్కా విప్పి చూడాలి.

ముందు, ఒళ్లు గుర్తుపట్టదన్న మాట. ఆ కోటింగ్ చాలావరకు పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అనే పాలిమర్, అంటే పొడవాటి గొలుసులాంటి అణువు. చుట్టూ నీటిని పట్టుకుని ప్రొటీన్లు అంటుకోవడాన్ని తగ్గిస్తుంది, అందుకే మందు రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంతవరకు నిజమే. తగ్గిస్తుందే గానీ ఆపలేదు. రక్తంలో దిగీదిగగానే కొవ్వును మోసే అపోలిపోప్రొటీన్లు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రొటీన్ల వంటివి నానోకణిక మీద పొరలా చేరతాయి. దీన్నే ప్రొటీన్ కరోనా అంటారు (ఆ వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు). ఇక మన కణాలకు తగిలేది ఫ్యాక్టరీలో వేసిన పొర ఒక్కటే కాదు, రక్తం వేసిన పొర కూడా. 2016లో జర్మనీలోని మైన్జ్ పరిశోధకులు చూపింది నన్ను బాగా ఆశ్చర్యపరిచింది: ప్లాస్మా ప్రొటీన్లు లేనప్పుడు పెగ్ ఒక్కటే ఆ కణికలను మాక్రోఫేజ్‌ల (బయటివాటిని మింగేసే రక్షణ కణాల) నుంచి కాపాడలేకపోయింది. క్లస్టరిన్ అనే ప్రొటీన్ వచ్చి అంటుకున్నాకే అవి మింగడం తగ్గింది. అంటే "కనపడకపోవడం" కూడా రక్తం సాయంతోనే. పైగా కొందరిలో పెగ్ మీదే యాంటీబాడీలు ఉంటాయి.

నేరుగా గడ్డలోకేనా? పదేళ్ల జంతు ప్రయోగాలను టొరంటో బృందం 2016లో లెక్కగడితే, గడ్డకు చేరింది మధ్యస్థంగా ఎక్కించిన మోతాదులో 0.7 శాతం. మిగతాదాంట్లో చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. కాలేయానికే చేరాల్సిన మందుకైతే అదే వరం. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు వాడే ఆర్‌ఎన్‌ఏ మందు) కణికకు రక్తంలోని అపోలిపోప్రొటీన్ ఇ అంటుకుని, దాన్ని కాలేయ కణాల్లోకి దాటిస్తుంది.

కణంలోకి దూరినా పని అయినట్టు కాదు. కణం దాన్ని ఎండోసోమ్ అనే సంచిలో బంధిస్తుంది. లిపిడ్ (కొవ్వు) కణికలు మోసుకెళ్లిన ఆర్‌ఎన్‌ఏలో 1 నుంచి 2 శాతమే ఆ సంచి దాటి బయటపడిందని 2013లో కొలిచారు.

సైడ్ ఎఫెక్టుల సంగతికొస్తే, పెగ్ పూతతో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు వల్ల, అదే మందు మామూలు రూపంతో పోలిస్తే, గుండె మీద భారం తగ్గిన మాట నిజం. కానీ రక్తంలో ఎక్కువసేపు తిరిగే ఈ మందు చర్మంలోకీ చేరుతుంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, చర్మం ఊడుతుంది. కొందరికి మొదటిసారి ఎక్కిస్తుండగానే ముఖం ఎర్రబడి ఊపిరి బిగుస్తుంది. ఇలాంటివి కనిపిస్తే "నానో మందు కదా, ఏమీ కాదు" అని ఊరుకోకుండా నర్సుకు వెంటనే చెప్పండి.