మూడు గంటల మల్లెమొగ్గలు

మొన్నటి వేసవిలో న్యూజెర్సీ నుంచి వెళ్లి నెల రోజులు విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మ దగ్గర ఉన్నాను. మే నెల ఎండకు పన్నెండు దాటితే వీధిలో మనిషి కనిపించడు. మూడు గంటల వేళకు మాత్రం మల్లెమొగ్గల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె కేక వేసుకుంటూ వస్తుంది. అమ్మ నిద్ర మధ్యలోనే లేచి వెళ్లి సోలెడు మొగ్గలు కొలిపించుకుంటుంది. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి, విచ్చిన పువ్వు ముడికి లొంగదు, కాబట్టి దండ ఆలోపే పూర్తి కావాలి. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఫ్యాను కింద చాప పరుచుకుని, నీళ్లలో నానబెట్టిన అరటినార కొసను కాలి బొటనవేలికి తగిలించి కూర్చుంటుంది. అటు రెండు, ఇటు రెండు మొగ్గలను తొడిమలు కలిసేలా ఎదురెదురుగా పెట్టి, నారను ఒక చుట్టు చుట్టి, మెలివేసి లాగుతుంది. ముడి మరీ బిగిస్తే తొడిమ తెగుతుంది, వదులైతే మొగ్గ జారిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న బిగువు వేళ్లకు తెలియవలసిందే తప్ప నోటితో చెప్పగలిగేది కాదు.

"ఇంత దండ ఎవరికమ్మా?" అని అడిగాను.

"ఎవరికో ఒకరికి. ముందు కట్టనియ్యవే," అంది.

ఆ సాయంత్రం అందులో ఒక మూర దుర్గమ్మ పటానికి, ఒక మూర పక్కవాటా పిల్లకు, మిగిలింది నా జడలోకి వెళ్లాయి. తెల్లవారేసరికి అన్నీ గోధుమరంగుకు తిరిగి వాడిపోయాయి. మధ్యాహ్నం మళ్లీ బుట్ట వచ్చింది, మళ్లీ నార నానింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ చాప మీద కూర్చుని, నేను దండ కట్టడం నేర్చుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి సంతోషం వాయిదాల మీద నడిచే వ్యవహారం అయిపోయిందని నా అభిప్రాయం. గ్రీన్‌కార్డు వచ్చాక, ఇల్లు కొన్నాక, పిల్లలు కాలేజీకి వెళ్లాక అంటూ ప్రతి దశలోనూ దాన్ని ముందుకు జరుపుతూ వస్తాం. నేనూ అలాగే జరిపాను. మూడేళ్ల క్రితం నేను పనిచేస్తున్న కంపెనీ ఒకే ఉదయం మాలో చాలామందికి రేపటినుంచి పని లేదని చెప్పి పంపేసింది. తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాను. డబ్బు గురించిన బెంగ ఉండటం సహజమే. నన్ను నిజంగా భయపెట్టింది మరొకటి. ఇరవై ఏళ్లుగా ఖాళీ దొరికితే చేస్తానని అనుకున్న పనులేవీ, తీరా ఖాళీ దొరికాక, నాకు గుర్తు రాలేదు. ఇష్టపడటం కూడా అలవాటు తప్పితే మరిచిపోయే విద్య అని అప్పుడు తెలిసింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 2250 మందికి వారి ఫోన్ల ద్వారా వేళకాని వేళల్లో ప్రశ్నలు పంపి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎంత సంతోషంగా ఉన్నారు అని అడిగారు. సుమారు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మనసు పని మీద ఉన్నప్పుడు, ఆ పని ఇష్టమైనది కాకపోయినా, మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నారు. చివరికి మనసు తీయటి ఊహల్లోకి వెళ్లినప్పుడు కూడా, పని మీద ఉన్నప్పటికంటే అదనపు సంతోషమేమీ దక్కలేదు. మా అమ్మ ఆ అధ్యయనం చదవలేదు. నార లాగే వేళ ఆమె కళ్లు తొడిమల మీద తప్ప మరెక్కడా ఉండవు.

హాబీ అనే మాటకు మనం వ్యాపకమనీ, అభిరుచి అనీ అంటాం. మనకున్న మరో మాట కాలక్షేపం. ఇప్పుడు దాన్ని టైమ్‌పాస్ అనే అర్థానికి దించేశాం గాని, గుడి మండపంలో రాత్రి పొద్దుపోయేదాకా ఊరంతా కూర్చుని విన్నదాన్ని హరికథా కాలక్షేపం అనే అన్నారు. కాలాన్ని ఇష్టంగా, నలుగురి మధ్య గడపడానికి అంత గౌరవమైన పేరు పెట్టుకున్న భాష మనది. ఆ గౌరవం మళ్లీ ఆ మాటకు ఇవ్వాలని నా కోరిక.

మా బాబాయి సంగతి కూడా చెప్పాలి. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రోజూ తెల్లవారుజామున సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా నడుస్తారు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి డెబ్బై గేట్లు ఉన్నాయి. కిలోమీటరుకు పైగా పొడవు. ఇంటికి వచ్చాక ఆ రోజు నది ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రెండు మూడు పంక్తులు రాస్తారు. ఆయన అనుమతితో ఒక పుస్తకం తెరిచి చూశాను. ఒకచోట ఆగస్టు వరద: "పద్దెనిమిది గేట్లు ఎత్తారు. నీళ్లు ఎర్రగా. చప్పుడుకు పక్కవాడి మాట వినపడలేదు." మరోచోట మే నెల: "నీళ్లు సన్నబడ్డాయి. ఒకతను తెప్ప మీద నిలబడి వల విసిరాడు. రెండోసారికి చేప." అలాంటివి పన్నెండు పుస్తకాలు. వాటిని ఎవరికైనా చూపించాలనో, అచ్చు వేయించాలనో ఆయనకు ఎన్నడూ తోచలేదు. "రాయాలంటే చూడాలి కదమ్మా. అందుకోసం రాస్తాను," అన్నారు. ఇరవై ఏళ్లుగా అదే దారిన నడిచే మనిషికి ఒక్కరోజూ విసుగు రాకపోవడానికి కారణం ఆ రెండు పంక్తులేనని నాకు అనిపించింది.

మా చిన్నతనంలో ఇలాంటి శ్రద్ధను రేడియో నేర్పింది. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి పొద్దున్నే భక్తిరంజని వచ్చేది. బాలమురళీకృష్ణ గారి చేతిలో రూపుదిద్దుకున్న ఆ కార్యక్రమం వీధిలో ప్రతి ఇంటి నుంచీ వినిపించేది. పాట మళ్లీ కావాలంటే రాదు, ఆపి తర్వాత వినడానికీ లేదు. అందుకే నాన్నగారు గడ్డం గీసుకుంటున్న చేతిని ఒక్క క్షణం ఆపి మరీ వినేవారు. ఇప్పుడు ప్రపంచంలోని పాటలన్నీ నా జేబులో ఉన్నాయి; చేయి ఆపి విన్న పాట ఏదో గుర్తు తెచ్చుకోవాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఇక ఇక్కడి మన తెలుగు సంఘాల గురించి, లోపలి మనిషిగా, ఒక మాట. మనం ఏ వ్యాపకాన్నీ వ్యాపకంగా ఉండనివ్వడం లేదు. కృష్ణా జిల్లాలో పుట్టిన కూచిపూడిని ఇంత దూరాన మన పిల్లలు నేర్చుకుంటున్నారంటే దాని వెనుక ఎందరు తల్లిదండ్రులు, గురువుల శ్రమ ఉందో నాకు తెలుసు, ఆ శ్రమకు నమస్కరిస్తాను. అయితే పాడే పిల్లను పోటీకి, వంట బాగా చేసే ఆమెను ప్రదర్శనకు, పద్యం చదివే పెద్దాయనను వేదిక మీదకు వెంటనే పంపాలన్న తొందర మనలో ఉంది. బహుమతి రాని పిల్ల పాట మానేస్తుంది. గొంతు అంత బాగుండని వాడు మొదలే పెట్టడు. సుమారుగా వచ్చిన పనిని జీవితాంతం సుమారుగానే, హాయిగా చేసుకునే హక్కు మనిషికి ఉండాలి. బాబాయి అక్షరాలు కోడిగీతలు, అమ్మ కట్టిన దండ ఒక్కోసారి వంకర; వాళ్ల ఆనందానికి అవేవీ అడ్డు రాలేదు.

రెండు ఉద్యోగాలు చేస్తూ, ఊళ్లో ఉన్న అత్తమామల మందులకు డబ్బు పంపుతున్నవారికి ఈ మాటలు చెప్పడానికి నాకూ సంకోచంగానే ఉంది. జబ్బు, అప్పు, దుఃఖం ఉన్న ఇంటికి వెళ్లి చిన్న చిన్న ఆనందాలు వెతుక్కోమని చెప్పడం మర్యాద కాదు. అక్కడ కావలసింది సాయం. నేను మాట్లాడుతున్నది ఖాళీ దొరికినా దాన్ని ఫోను తెర మీద పోగొట్టుకుంటున్న మనలాంటి వారి గురించి. రోజుకు పావుగంట చాలు, చేతులకు ఏదో ఒక పని దొరికితే చాలు. ముగ్గు, కుట్టు, కంది పచ్చడి రోట్లో నూరడం, పాత సైకిలు విప్పి బిగించడం, ఏదైనా సరే.

మన సంఘానికి నా ప్రతిపాదన ఒకటే. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం హాలు తెరిచి, మైకు, వేదిక, బహుమతులు, ఫొటోలు ఏవీ లేకుండా, చాపలు పరిచి ఉంచుదాం. ఎవరి పని వారు తెచ్చుకుని పక్కపక్కన కూర్చుని చేసుకుంటారు. అమ్మమ్మలు వీసా మీద వచ్చిన నెలల్లో వాళ్ల చేతుల్లో ఉన్న విద్యలు పిల్లల కళ్ల ముందుకు వస్తాయి. మన అపార్టుమెంట్లలో పగలంతా ఒంటరిగా కూర్చునే ఆ పెద్దవాళ్లకు కూడా అది ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు.

న్యూజెర్సీలో మా కిటికీ పక్కన కుండీలో ఒక మల్లెచెట్టు ఉంది. చలికాలం లోపలికి తెచ్చి, ఎండలు ముదిరాక బయట పెడతాను. జూలైలో ఒక రోజు దానికి పదకొండు మొగ్గలు కనిపించాయి. అరటినార లేదు, కుట్టుదారం తడిపి బొటనవేలికి తగిలించుకుని మూడింటికి కూర్చున్నాను. మూడు తొడిమలు తెగిపోయాయి, ఎనిమిది నిలిచాయి. రాత్రి తొమ్మిదికి, విజయవాడలో అప్పుడే తెల్లవారి అమ్మ కాఫీ తాగుతున్న వేళ, విచ్చుకున్న ఆ బెత్తెడు దండను ఫోనులో చూపించాను. కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూసి, "తొడిమలు ఇంకొంచెం దగ్గరికి జరపవే," అంది. ఎన్ని కట్టావని మాత్రం అడగలేదు.