చూడ్డానికి ఒకటే దోమ

కొత్త జాతులు ఎలా పుడతాయో చెప్పే మీ వ్యాసం చదివాను. కొండో నదో అడ్డొచ్చి ఒక జాతి జీవులు రెండు గుంపులుగా విడిపోతే, దేని మార్పులు దానిలో పోగుపడి కొత్త జాతి పుడుతుందని అందులో రాశారు. నిజమే గానీ, దోమల విషయంలో అది సగం కథే.

ఆఫ్రికాలో గాంబియే, కొలుజ్జీ అనే అనాఫిలిస్ (మలేరియా మోసే రకం) దోమలు చాలాచోట్ల ఒకే ఊళ్లో తిరుగుతాయి. 2013 దాకా వాటిని ఒకే జాతిగా లెక్కేశారు. అప్పుడప్పుడు జతకడతాయి కూడా. అయినా సెంట్రోమియర్ (క్రోమోజోమ్‌కి నడుము లాంటి చోటు) దగ్గర తేడా గట్టిగా నిలబడింది, అక్కడ జన్యువుల కలగలుపు తక్కువ కాబట్టి. పురుగుమందుకు లొంగకుండా చేసే కేడీఆర్ అనే జన్యు మార్పు మాత్రం గాంబియే నుంచి కొలుజ్జీకి పాకింది!

మాది ఒడిశాలో రాయగడ వైపు. ఊరి గెడ్డ ఒడ్డున గడ్డి పక్కకి తోస్తే, నీటి మీద అడ్డంగా పడుకున్న అనాఫిలిస్ పిల్లపురుగులు కనిపిస్తాయి. మిగతా దోమలవైతే తలకిందులుగా వేలాడతాయి. ఈ కొండల్లో మలేరియా మోసే ఫ్లువియాటిలిస్ అనే అనాఫిలిస్ దోమ కూడా ఒక్కటి కాదు. ఎస్, టీ, యూ అని రకాలున్నాయి. ఎస్ మనిషి కోసం వస్తుంది, మిగతా రెండూ ఎక్కువగా పశువుల మీద పడతాయి. (మా అమ్మకి చెబితే నవ్వేసింది, కుట్టిందా లేదా అన్నదే ఆవిడ లెక్క.) కంటికి తేడా తెలీదు. క్రోమోజోమ్‌లో (జన్యువులు వరుసగా ఉండే పోగులో) ముక్క తిరగబడి అతుక్కున్న తీరు చూసి గుర్తుపట్టారు. అలా తిరగబడ్డ ముక్కలోని జన్యువులు, వేరే అమరిక ఉన్న దోమతో జతకట్టినా చెదరవు, మూటకట్టినట్టు కలిసే పిల్లలకు వెళ్తాయి.

ఒకేచోట కలిసి తిరుగుతూనే ఇలా విడిపోవడం గురించి వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. రెండో భాగం రాస్తే అక్కణ్నుంచే మొదలుపెట్టండి సార్.