బాల్య సమరయోధులకి పెన్షన్ ఇవ్వాల్సిందే

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా 1972లో ప్రభుత్వం వారు సమరయోధులకి తామ్రపత్రాలిచ్చి పెన్షన్ కూడా మొదలుపెట్టారు. మంచి పని, కాదనేవాడెవడూ లేడు. మరి 1990కి ముందు కోనసీమలో పుట్టి, కాలవలు, కొబ్బరికాయలు, చిచ్చుబుడ్లు, బజాజ్ స్కూటర్లు ఇన్నిటినీ దాటుకుని రెండు కాళ్ళతో, దాదాపు పది వేళ్ళతో పెద్దవాళ్ళమైన మా సంగతేంటండీ? పొద్దున్నే వాట్సాప్‌లో "ఆ రోజులే వేరు" అని ఒకళ్ళకొకళ్ళం ఫార్వార్డ్ చేసుకోవడమే తప్ప ఇన్నేళ్ళలో ఒక్క ప్రభుత్వమైనా మమ్మల్ని గుర్తించిందా? అందుకని నేనే పూనుకుని బాల్య సమరయోధుల గౌరవ వేతనం కోసం ఒక అర్జీ రాస్తున్నాను. కలెక్టర్ గారికి పంపేముందు మీకు చూపిస్తున్నా, చదివి న్యాయంగా ఉందో లేదో చెప్పండి.

ముందు నా అర్హతలు. పుట్టింది 1978, అమలాపురానికి కాస్త దూరంలో కాలవ గట్టు మీద ఊరు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేసింది వరి పండించడానికని సోషల్ పుస్తకంలో రాస్తారు గానీ అది సగం నిజమే, మిగతా సగం మాలాంటోళ్ళు ఈత నేర్చుకోడానికి. ఇప్పుడు రాజమండ్రిలో మా బావమరిది కొడుకు ఈత నేర్చుకుంటున్నాడు, వాడికో కోచ్, కళ్ళకి అద్దాలు, తలకి టోపీ, చేతులకి గాలి బుడగలు, నీళ్ళేమో వాడి నడుం దాకా, పైగా గట్టు మీద మెళ్ళో ఈల వేసుకుని ఇంకొకాయన. మాకు రెండు ఎండు కొబ్బరికాయలు, మధ్యలో ఒక తాడు, అంతే. ఆ కాయలు వీపుకి కట్టి మా చినమావయ్య రేవులోకి తోసేసేవాడు. తేలితే ఈత వచ్చినట్టు, మునిగితే జుట్టు పట్టుకుని లాగి మళ్ళీ తోసేవాడు. వారం తర్వాత ఒక కాయ తీసేస్తారు, అప్పుడు మనిషి ఒక పక్కకి ఒరిగిపోయి గాలం మింగిన కొర్రమేనులా కొట్టుకుంటాడు, ఇంకో వారానికి రెండోదీ తీసేస్తారు, అక్కడితో కోర్సు అయిపోయింది. కాయలు ఇంటికి తెచ్చి కొట్టి పచ్చడి చేసేవారు. లైఫ్ జాకెట్‌ని పచ్చడి చేసుకుని తిన్న తరం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, ఈ అర్జీ ఇక్కడే చింపేస్తాను.

గోదారికి ధవళేశ్వరం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలుంటాయి, 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా అమ్మకి హెచ్చరికలుండవు, డైరెక్టుగా ప్రమాదమే. 1986 ఆగస్టులో గోదారి ఆ మూడూ దాటేసి 35 లక్షల క్యూసెక్కులతో వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, ఊళ్ళో మగాళ్ళందరూ ఏటిగట్టు మీద ఇసక బస్తాలు వేస్తూ నిద్రల్లేకుండా ఉంటే మాకు మాత్రం స్కూల్లో పునరావాస కేంద్రం పెట్టారు కాబట్టి ఇక లెక్కల మాస్టారు రారన్న ఆనందం తప్ప ఇంకేం తెలీదు. అరటిబోదెలు నాలుగు కట్టి తెప్ప చేసుకుని వీధిలో తిరిగాం. మాతో పాటు ఒక పాము కూడా ఎక్కింది. అది మమ్మల్నేమీ అన్లేదు, మేమూ దాన్ని దిగమన్లేదు, వరదల్లో అందరూ సర్దుకుపోవాలి కదండీ.

రవాణా విషయానికొస్తే, 2022లో కేంద్రం ఒక రూల్ తెచ్చింది, నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి ఎక్కిస్తే నడిపేవాడికి కలిపి బెల్టు కట్టాలంట, బుల్లి హెల్మెట్ పెట్టాలంట, 40 కిలోమీటర్ల స్పీడు దాటకూడదంట. చదివి మా నాన్నగారి చేతక్‌ని తల్చుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాను. ముందు నేను నిలబడి, సీటు మీద నాన్న, నాన్నకీ అమ్మకీ మధ్యలో అక్క, అమ్మ ఒళ్ళో తమ్ముడు, తమ్ముడి చేతిలో స్టీలు క్యారేజీ. 40 దాటకూడదన్న రూల్ అప్పుడూ ఉంది, కాకపోతే అది కేంద్రం పెట్టింది కాదు, బండి పెట్టింది. ఇక పెట్రోలు వాసన అంటే మాకు అత్తరుతో సమానం, బంకులో కొడుతుంటే దగ్గరకి వెళ్ళి మరీ పీల్చేవాళ్ళం, అందులో సీసం కలిపేవారని, దేశం మొత్తం మీద అది ఆపేసింది 2000 ఫిబ్రవరిలో అని ఈమధ్యే తెలిసింది. నా లెక్కల మార్కులకి కారణం మాస్టారు కాదన్నమాట, ఇన్నాళ్ళూ ఆయన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురం పెళ్ళికి వెళ్ళడం ఇంకో సాహసం. కారు, ఎడ్లబండి, సైకిళ్ళు, రెండు గేదెలు, మొత్తం పెళ్ళివారు, పెళ్ళివారి సారె, అన్నీ ఒకే పంటు మీద వశిష్ఠ దాటేవి, మేం అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించుకుంటూ వెళ్ళేవాళ్ళం. లైఫ్ జాకెట్ అన్న మాటే విన్లేదు అని గొప్పగా రాద్దామని కూర్చున్నాను గానీ 2018 జూలైలో పశువుల్లంక దగ్గర గౌతమిలో స్కూలు పిల్లలు ఇంటికెళ్తున్న పడవ, కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి గుద్దుకుని తిరగబడింది. ఆ పిల్లలకీ జాకెట్లు లేవు. ఈ పేరా అర్జీలోంచి తీసేస్తున్నాను, పంటు గురించి వేరే ఎవరైనా రాసుకోండి.

వైద్యం చూద్దాం. మోకాలు చెక్కుకుంటే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేవాళ్ళం, బెణికితే సున్నం బెల్లం పట్టీ. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు, గొర్రె మెదడులోంచి తీసిన మందు, అది పొడిపించుకుని వచ్చినోడికి ఆ ఏడాదంతా గోలీలాటలో ఎదురు చెప్పేవాడుండేవాడు కాదు. మా గోదారి పల్లపు ఊళ్ళకి బోదకాలు బెడద కూడా ఉండేది కదా, ఆ క్రిములు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయని హెల్త్ వాళ్ళు సరిగ్గా మేం పడుకున్నాకే వచ్చి, చేతిలో టార్చిలైటు, జేబులో సూదులు, మంచం మీదున్నవాణ్ణి ఉన్నట్టే వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క రాసుకుని పోయేవారు. ఇప్పటి పిల్లలకి దెయ్యాల సినిమా చూపిస్తే భయపడట్లేదని బాధపడతారు, ఒక్కసారి ఆ టార్చిలైటు చూపిస్తే సరిపోయేది.

కొబ్బరిచెట్ల కింద ఆడుకుంటుంటే నెత్తిన కాయ పడదా అని మా తాతని అడిగాను ఒకసారి. కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయిరా, మనిషిని చూసుకునే పడుతుంది అన్నాడు. ఊరు మొత్తానికి జరిగిన సేఫ్టీ ఆడిట్ అదొక్కటే. దీపావళికి సూరేకారం, గంధకం, బొగ్గు నూరి డాబా మీద ఎండబెట్టి సిసింద్రీలు మేమే కూరుకునేవాళ్ళం, ఇందాక దాదాపు పది వేళ్ళు అన్నది అందుకే, వివరాలు వద్దు.

అన్నిటికంటే పెద్ద క్వాలిఫికేషన్ పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. నేనప్పుడు ఇంటర్, సంక్రాంతి దగ్గరపడింది, కోనసీమ కుర్రాళ్ళం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినట్టు సైకిళ్ళేసుకుని ఆ మంట చూడ్డానికి వెళ్ళాం. దగ్గరకి రానివ్వకపోతే తోటల్లోంచి అడ్డదారులు మాకు తెలీవా! దూరం నుంచే ఒళ్ళు కాలిపోతోంది, చప్పుడికి పక్కనోడి మాట వినపడట్లేదు, ఆ వెలుగులో అర్ధరాత్రి పుస్తకం చదువుకోవచ్చు అన్నారెవరో. ఒక్కడు కూడా పుస్తకం తీసుకెళ్ళలేదు.

ఇంత రాశాక అర్జీకి ఇద్దరు ప్రత్యక్ష సాక్షుల సంతకాలు కావాలి కదా అని నాతో ఒకటి నుంచి పది దాకా చదివినోడికి ఫోన్ చేశాను. వాడికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. పల్స్ పోలియో మొదలైందే 1995లో, మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, వాడు పుట్టింది 78లో, లెక్క మీరే వేసుకోండి. ఫారంలో సాక్షి పేరు రాయాలి, పూర్తి పేరు చెప్పరా అన్నాను, ఎందుకంటే పదేళ్ళు పక్క పక్కన కూర్చున్నాం గానీ ఊళ్ళో మేమందరం వాడి కాలుని బట్టే ఒక పేరు పెట్టి పిలిచాం, అసలు పేరు నాకు తెలీదు. చెప్పాడు. ఏంటి సంగతంటే పెన్షన్ స్కీము వివరించాను. కాసేపు నవ్వి, "ఆ బాల్యానికి నాకు ఆల్రెడీ నెలనెలా పెన్షన్ వస్తోంది కదరా, నువ్విప్పుడు కొత్తగా అడిగేదేంటి" అన్నాడు. సంతకం మాత్రం పెడతానన్నాడు, మంచోడు.

రెండో సాక్షి అక్క. తీరా అర్జీ చదివి వినిపిస్తే, "కాలవ, తెప్ప, సిసింద్రీ, పాశర్లపూడి... ఇందులో నేనెక్కడున్నానురా?" అంది. స్కూటర్ మీద మధ్యలో ఉన్నావు కదే అన్నాను. "అదే, మధ్యలో. నాకు ఏమీ కనపడేది కాదు, నాన్న చొక్కా తప్ప. నేను రేవులో దిగితే ఆడపిల్లకి ఈతలేంటి అన్నారు, చెట్టెక్కితే కాళ్ళు విరగ్గొడతామన్నారు. నేను తొక్కుడుబిళ్ళ ఆడింది కూడా నిన్ను చంకనేసుకునే, ఒంటికాలి మీద, నువ్వేమో జారిపోతుంటే ఎగేసుకుంటూ. దానికేమైనా పెన్షన్ ఉందా మీ స్కీములో?" ప్రభుత్వంతో మాట్లాడతానన్నాను. ఆయ్, మాట్లాడు మాట్లాడు అని ఫోన్ పెట్టేసింది. గోదారోళ్ళకి ఎటకారం ఎక్కువంటారు, ఆడవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ, దానికి కారణాలు ఉన్నట్టున్నాయి.

ఇక మిగిలింది అమ్మ. పెరట్లో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అమ్మా, చిన్నప్పుడు పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాళ్ళం, మీరెవరూ ఎక్కడున్నార్రా అని అడిగేవారు కాదు, ఆ ధీమా ఇప్పటి తల్లిదండ్రుల్లో ఏదీ, ఆ మాట రాసి వేలిముద్ర వెయ్యి అన్నాను. వేలిముద్రేంట్రా నాకు సంతకం వచ్చు అని ముందు దానికి తిట్టి, తర్వాత అడిగింది.

"మనింట్లో నుయ్యి ఉందా లేదా?"

ఉంది.

"నిండా నీళ్ళున్నాయా లేదా?"

ఉన్నాయి.

"మరి రోజూ సాయంత్రం బడి వదిలే టైముకి బట్టల మూట నెత్తినెట్టుకుని రేవుకెందుకొచ్చేదాన్నిరా నేను? ఉతికినవే మళ్ళీ ఉతికి ఉతికి మీ నాన్న పంచెలు చిరుగులు పడ్డాయి. ఆయన చాకలి నీలం ఎక్కువేస్తోందా అనేవారు."

నేను కాసేపు మాట్లాడలేదు. నిజమే, రేవు మెట్ల మీద ఎప్పుడూ అమ్మ ఉండేది, ఆమె పక్కన ఇంకో నలుగురు అమ్మలు ఉండేవారు, మేం వాళ్ళని కూడా మెట్లలాగే లెక్కేశాం. నీకు ఈత రాదు కదే, నేను నిజంగా మునిగితే ఏం చేసేదానివి అన్నాను.

"ఒక చీర తడపకుండా పక్కనెట్టుకునేదాన్ని. విసరడానికి." అని మళ్ళీ చింతపండులోకి వెళ్ళిపోయింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్, వాడు హాస్టల్ దాటితే నాకు ఒక మోత, కాలేజీ చేరితే ఇంకో మోత, మ్యాప్‌లో నీలం రంగు చుక్క కదుల్తూ ఉంటుంది, నేను చూస్తూ ఉంటాను. ఈ అర్జీ రాస్తూ కూడా తొమ్మిదిసార్లు చూశాను. అదేంట్రా మాటిమాటికీ అంది అమ్మ. చెప్పాను, వాడెక్కడున్నాడో ఇందులో తెలుస్తుందమ్మా, వాడికి తెలీదనుకో, అని.

కళ్ళజోడు సర్దుకుని ఆ చుక్కని బాగా దగ్గరగా చూసింది.

"ఓహో, బట్టల మూటన్నమాట" అంది.