రోస్ట్రా వేదిక గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ రోస్ట్రా వేదిక గారికి,
రోమ్ నగరం, ఫోరం మైదానం.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు శిథిలావస్థలో క్షేమమని తలుస్తాం.

క్రీ.పూ. 338లో ఆంటియం పట్టణం వాళ్ల యుద్ధనౌకలు పట్టుకొచ్చి, వాటి కంచు ముక్కులు కోసి తమరికి అలంకారంగా బిగించారట. ఎదుటి ఓడను గుద్ది ముంచే సామాను ఉపన్యాస వేదికకు తగిలించినవాడెవడో గాని, భలే ముందుచూపున్నవాడు.

మా ఫిర్యాదు క్రీ.పూ. 44 మార్చి నెల గురించి. 15న రోమ్‌ని ఏలుతున్న జూలియస్ సీజర్‌ని బ్రూటస్, కాసియస్ జట్టు 23 పోట్లు పొడిచింది. శవాన్ని చూసిన వైద్యుడు ఆంటిస్టియస్ లెక్కలో ప్రాణం తీసింది ఒక్కటే, రొమ్ము మీద పడిన రెండోది. తర్వాత బ్రూటస్ తమరి మీదకెక్కి మాట్లాడాడు. జనం నోరు మెదపకుండా విన్నారు. ఆయన వెనకాలే కార్నీలియస్ సిన్నా అనే అధికారి లేచి సీజర్‌ని తిట్టేసరికి గొడవ మొదలైంది. వక్తల వరస ఎవరు వేశారోగాని, ఆ పుణ్యాత్ముడికి సభలు పెట్టిన అనుభవం లేదు.

కాపిటల్ కొండ మీద తాను చేసిన ఇంకో ప్రసంగాన్ని బ్రూటస్ ప్రతులు తీయించబోతూ, దిద్దిపెట్టమని పేరుమోసిన వక్త సిసెరోకి పంపాడు. భాషకి వంక పెట్టలేం గాని, తానైతే ఇంకాస్త మంట పెట్టి రాసేవాణ్ణని సిసెరో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. స్వేచ్ఛ, గణతంత్రం అంటూ నున్నగా చెక్కిన వాక్యాలు పండితులకు బాగుంటాయి. ఎండలో నిలబడ్డవాడికి కంటికి కనబడేదేదో కావాలి.

ఆ సంగతి సీజర్ మనిషి మార్క్ ఆంటోనీకి తెలుసు. సీజర్ అంత్యక్రియలు బహిరంగంగా వద్దని కాసియస్ మొత్తుకున్నా బ్రూటస్ ఒప్పేసుకున్నాడు. ఆంటోనీ సరంజామా చూడండి. ముందుగా, తన ఇంట్లోనే సీజర్ వీలునామా విప్పించాడు: ప్రతి పౌరుడికీ 300 సెస్టెర్సులు (అప్పటి రోమ్ నాణేలు), టైబర్ ఒడ్డు తోటలు జనానికి. పైగా రెండో వరస వారసుల్లో డెసిమస్ బ్రూటస్ పేరు! ఈయన వేరే బ్రూటస్, కాని చంపినవాళ్లలో ఆయనా ఒకడు. శవయాత్ర తమరి దగ్గరికి చేరకముందే ఈ కబురు సందుసందుకీ పాకింది. ఇక తమరి ముందు బంగారు పూత మందిరం, అందులో దంతపు మంచం, తల దగ్గర స్తంభానికి నెత్తుటి బట్ట. మైనపు బొమ్మ చేసి, 23 గాయాలూ అన్ని వైపులకీ కనబడేలా మరతో తిప్పారని కూడా చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. వెనక వరసవాడి మీద కూడా అంత శ్రద్ధ!

ఇంతకీ ఉపన్యాసం ఏదంటారా? మావాళ్లు ఇంగ్లిష్ పాఠంలో బట్టీపట్టినది నాటకకర్త షేక్స్‌పియర్ రాసింది. ఇంకో చరిత్రకారుడు సుయెటోనియస్ చెప్పేదాని ప్రకారం ఆంటోనీ దండోరావాడి చేత రెండు కాగితాలు చదివించాడు. సీజర్‌కి దేవుడి స్థాయి గౌరవాలిస్తూ సెనేట్ చేసిన తీర్మానం ఒకటి. ఆయన ప్రాణానికి మేం పూచీ అని సభ్యులంతా చేసిన ప్రమాణం ఇంకొకటి. తన మాటలు నాలుగే కలిపాడు. తిట్టాడని కేసు పెట్టడానికి వీల్లేదు. చదివింది వాళ్లు ఒట్టేసిందే. ఇంత చవగ్గా ఇంత పని జరిపించుకున్న వక్త మరొకడు మాకు కనబడలేదు.

తర్వాత అదే ఫోరంలో న్యాయస్థానం బెంచీలు విరగ్గొట్టి చితి పేర్చారు. వాద్యగాళ్లు ఒంటి మీది బట్టలు చింపి విసిరారు, పాత సైనికులు ఆయుధాలు వేశారు, ఆడవాళ్లు నగలు వేశారు. అక్కడితో ఆగారా? సిన్నా కనబడ్డాడని పట్టుకుని చంపి, తల ఈటెకి గుచ్చి ఊరేగించారు. తీరా చూస్తే అతను హెల్వియస్ సిన్నా. కవి, పైగా సీజర్ స్నేహితుడు. గుంపుని రేపే మర ఉందిగాని, ఇంటిపేరు సరిచూసే మర తమరి దగ్గర లేదు. నెల తిరిగేసరికి బ్రూటస్, కాసియస్ ఊరు వదిలారు.

పాతకాలపు వక్త, గ్రాకస్ సోదరుల్లో చిన్నవాడు గయస్ పద్ధతి తమరికి గుర్తుందా? తాను మాట్లాడేటప్పుడు వెనకాల ఒక మనిషిని పిల్లనగ్రోవితో నిలబెట్టేవాడు. గొంతు హద్దు దాటితే వాడు మెత్తని స్వరం ఊది హెచ్చరించాలి. వక్తకి అలాంటి ఏర్పాటు ఉందిగాని, వినేవాళ్ల కోసం ఊదేవాడిని తమరు ఏనాడూ పెట్టలేదు.

ఆంటోనీని ఏకి పారేస్తూ సిసెరో 14 ప్రసంగాలు సిద్ధం చేశాడు. మరుసటి ఏడు డిసెంబరులో ఆయన తల, చేతులు తమరి మీదే ప్రదర్శనకి పెట్టారు. చూడ్డానికి జనం వచ్చారు. తమరు వాళ్లనీ కాదనలేదు.

ఒక్క లెక్క తేలాలి. ఆ 300 సెస్టెర్సుల సంగతి. సీజర్ ధనం చేతిలో పెట్టుకున్న ఆంటోనీ దాన్ని అప్పగించనన్నాడు. చివరికి సీజర్ వారసుడు, పద్దెనిమిదేళ్ల ఆక్టేవియన్ సొంత ఆస్తులు అమ్మి జనానికి పంచాడు. దాంతో ఆ జనమే అటు తిరిగారు. తర్వాత ఆయన చక్రవర్తి అయ్యాక, తమరిని ఇంకాస్త పెద్దది చేయించాడట. కమీషను ఏమైనా ముట్టిందా?

ఇట్లు,
తమరి ఎదుట నిలబడే
ఒక వెనక వరస శ్రోత