బోరింగుకు అంత చెయ్యి ఎందుకట!

హనుమకొండలో మా పక్క కాలనీ సంక్షేమ సంఘం ఈ వేసవిలో భౌతికశాస్త్రానికి చేసిన సేవను ఏ పత్రికా పట్టించుకోకపోవడం విచారకరం. వీధి మలుపులో వేపచెట్టు కింద ఉన్న చేతి బోరింగు హ్యాండిల్‌ను వారు సగానికి కోయించారు. కారణం సమంజసమైనదే. సంఘం కోశాధికారి గారు కొత్త కారు కొన్నారు. ఆ వీధిలో కారుకు సరిపడా నీడ ఉన్నది ఆ వేపచెట్టు కిందనే. బోరింగు కొట్టేటప్పుడు హ్యాండిల్ కొస కారు తలుపుకు జానెడు దూరం దాకా వస్తున్నదట. గీత పడలేదు. పడవచ్చునన్న ఊహకే కోశాధికారి గారికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదట.

కారును గజం వెనక్కి జరపవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. వారికి ప్రజాజీవితం తెలియదు. కారు జరిగితే నీడ తప్పుతుంది, నీడ తప్పితే సీటు కాలుతుంది, సీటు కాలితే కోశాధికారి గారి మనసు నొచ్చుకుంటుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్ నగరంలో ఆర్కిమెడీస్ అనే పెద్దమనిషి, నిలబడటానికి చోటిస్తే భూమినే కదిలిస్తానన్నాడని చెబుతారు. పాపం, తాను నిలబడటానికే అడిగాడు. కారు నిలపడానికి అడగాలని ఆయనకు తోచలేదు.

సంఘం ఏకపక్షంగా కోసిందని అపవాదు వేయకండి. సమావేశం పెట్టారు, సమోసాలు తెప్పించారు, చర్చించారు. అసలు బోరింగుకు అంత పొడవు హ్యాండిల్ ఎందుకు అన్నది ఎజెండాలో మొదటి అంశం. కిలోల లెక్కన బిల్లు పెట్టుకోవడానికి గుత్తేదారు చేసిన మోసమని మాజీ ఇంజనీరు ఒకరు తేల్చారు. పాతకాలపు ఆడంబరమని ఇంకొకరు. అప్పుడు విశ్రాంత అధ్యాపకుడు ఒకరు లేచి, హ్యాండిల్ సగమైతే చేయి కదలాల్సిన దూరమూ సగమే కాబట్టి నీళ్లు పట్టే ఆడవాళ్లకు శ్రమ తగ్గుతుందని సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. తీర్మానాన్ని మహిళా సంక్షేమం పద్దు కింద రాసుకున్నారు. మహిళల్లో ఒక్కరినీ పిలవలేదు. సంక్షేమం జరిగేటప్పుడు వాళ్లు అడ్డు రాకూడదు కదా!

ఆ సభలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. బోరింగు హ్యాండిల్ ఒక మీట. మధ్యలో ఇరుసు, ఇవతల కొట్టే చేయి, అవతల గొలుసు. గొలుసుకు వేలాడుతూ గొట్టం లోపలికి దిగిన కడ్డీలు, వాటి చివర పిస్టన్. ఇరుసు నుంచి గొలుసు దాకా ఉన్న కొలత కంటే ఇరుసు నుంచి చేతి దాకా ఉన్న కొలత ఎన్ని రెట్లు ఎక్కువో, మన బలం అవతల అన్ని రెట్లు పని చేస్తుంది. దాన్నే యాంత్రిక లాభం అంటారు. మన వీధుల్లో కనిపించే ఇండియా మార్క్ 2 బోరింగులో అది దాదాపు 8. లోపలి సిలిండరు వ్యాసం 63.5 మిల్లీమీటర్లు. నీళ్లు 30 మీటర్ల లోతులో ఉన్నాయనుకుంటే, పిస్టన్ మీద నిలిచే నీటి బరువే సుమారు 95 కిలోలు. కడ్డీల బరువు, రాపిడి వదిలేసి 95ను 8తో భాగించండి. చేతి మీద పడేది 12 కిలోలు. పదేళ్ల పిల్ల కూడా వేలాడి, గెంతి, ఎలాగో కొట్టేస్తుంది.

ఇది ఉత్తపుణ్యానికి వచ్చిన లాభం కాదు. పిస్టన్ పన్నెండున్నర సెంటీమీటర్లు లేవాలంటే ఇవతల చేయి ఒక మీటరు దిగాలి. బలంలో మిగిలినది దూరంలో కట్టాల్సిందే. అధ్యాపకుల వారు ఆ దూరాన్ని మాత్రం పట్టుకుని, బరువును సమోసాతో పాటు మింగేశారు. హ్యాండిల్ సగమైంది, 8 కాస్తా 4 అయింది, 12 కిలోలు 24 అయ్యాయి.

ఆ పొడవు ఎవరో సరదాకు పెట్టింది కాదు. అంతకుముందు మన ఊళ్లలో పాతిన పోత ఇనుప పంపులు, ఒక్క కుటుంబం వాడుకోవడానికి చేసిన పాశ్చాత్య పంపులకు నకళ్లు. ఊరంతా తెల్లవారుజాము నుంచి కొడితే అవి ఎన్నాళ్లు నిలుస్తాయి? అందుకే 1970లలో యూనిసెఫ్ సాయంతో, ఊరుమ్మడి వాడకానికి తట్టుకునేలా ఈ బోరింగును రూపొందించారు. హ్యాండిల్‌ను నిండు ఇనుప కడ్డీతో అంత బరువుగా చేయడంలోనూ మతలబు ఉంది. ఆ బరువు, అవతల వేలాడే కడ్డీల బరువును కొంత తూచి నిలబెడుతుంది. కోయడంతో ఆ సాయమూ పోయింది. కోసిన ముక్కను పాత ఇనుప సామాన్లవాడికి అమ్మి, వచ్చిన సొమ్మును సంఘం ఖాతాలో జమ చేశారు. రసీదు కూడా ఉంది. అవినీతి అనే మాట ఎవరైనా ఎత్తితే నాలుక కోస్తాను.

కరీంనగర్ గ్రానైటు క్వారీల్లో పని చేసే కూలీని అడగండి, బండ కిందికి గడ్డపార దూర్చి, దగ్గరలో చిన్న రాయి ఆనించి, కొసన చేయి వేస్తాడు. రాయి బండకు ఎంత దగ్గరైతే అంత సుఖమని అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు. కాజీపేటలో పాత సిగ్నల్ కేబిన్లు ఎరిగినవారికి ఆ నిలువెత్తు లివర్లు గుర్తుంటాయి. దూరాన ఉన్న సిగ్నల్ తీగను మనిషి ఒంటిచేత్తో లాగాడంటే ఆ పొడవు పుణ్యమే. పొడవు ఎందుకని అడిగే తెలివి ఏనాడూ గడ్డపార పట్టని చేతులకే పుడుతుంది.

ఇక ప్రారంభోత్సవం. అవును, కోసిన బోరింగుకు ప్రారంభోత్సవం చేశారు. ఆధునికీకరించిన బోరింగు అని ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో బోరింగు కనిపించలేదు. ముఖాలు ఎక్కువై చోటు చాలలేదు. ముఖ్య అతిథిగా స్థానిక నాయకుడు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, హ్యాండిల్‌కు పసుపు కుంకుమ అద్దారు, కింద కొత్త స్టీలు బిందె పెట్టారు. బిందె నిండి పొంగుతున్నట్టు ఫోటో కావాలని ఫోటోగ్రాఫరు కోరాడు. అదెంత పని అన్నారు నాయకుడు.

మొదటి దెబ్బ చిరునవ్వుతో కొట్టారు. రెండో దెబ్బకు శాలువా జారింది. మూడో దెబ్బకు చిరునవ్వు జారింది. నాలుగుకు రెండో చేయి కూడా వేశారు. ఏడో దెబ్బకు ఆగి, అభివృద్ధి గురించి నాలుగు మాటలు చెబుతానన్నారు. ఒక్క దెబ్బకు వచ్చేది 400 మిల్లీలీటర్ల లోపు. ఏడు దెబ్బలకు మూడు లీటర్లు కూడా రాలేదు. బిందె పదిహేను లీటర్లది. అంటే ఇంకా ముప్పై పైచిలుకు మిగిలాయి. హోదా ప్రకారం అధ్యక్షుడు మూడు కొట్టారు. కార్యదర్శి తన వంతు అధ్యక్షుడి కంటే తక్కువ ఉండాలన్న మర్యాదతో రెండు కొట్టారు. అసలు ఉపాధ్యక్షుడు ముందా, కార్యదర్శి ముందా అన్న వివాదంలో అయిదు నిమిషాలు గడిచాయి. కోశాధికారి గారు మాత్రం కారుకు, హ్యాండిల్‌కు మధ్య తన శరీరాన్నే అడ్డుపెట్టి నిలబడ్డారు. చివరికి నాయకుడి అనుచరుడు ఒకడు తన బండిలోంచి ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను తెచ్చి బిందెలో ఒంపాడు. బిందె పొంగింది. ఫోటో తీశారు. మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో అందరి చేతులూ హ్యాండిల్ మీదనే ఉన్నాయి.

ఆ సాయంత్రం జనం వెళ్లిపోయాక వెనుక రేకుల ఇళ్ల నుంచి ఒక అవ్వ వచ్చింది. వాళ్లకు నల్లా లేదు, మోటారు లేదు, సంఘంలో సభ్యత్వం అంతకన్నా లేదు. నాలుగు ఇళ్లలో అంట్లు తోమి వచ్చిన చేతులు. కొట్టింది, ఆగింది, కొట్టింది. అధ్యాపకుల వారు అప్పుడే వాకింగ్‌కు వెళుతున్నారు. నేను అడిగితే, "చూడండి, శాస్త్రం ప్రకారం చేసిన పని సమానమే, బలం పెరిగినా దూరం తగ్గింది కదా" అన్నారు.

పని సమానమే సార్. నడుము సమానం కాదు. యాభై కిలోల బస్తాను అయిదుసార్లుగా మోసినా, ఒక్కసారే మోసినా మీ నోటుబుక్కులో జవాబు ఒకటే. ఒకసారి మీరు మోసి చూపండి. బిందెకు నలభై దెబ్బలు. ఒక్కో దెబ్బకు మీ తీర్మానం అదనంగా మోపింది 12 కిలోలు. అలాంటి బిందెలు రోజుకు ఆరు. మీ ఇంట్లో స్విచ్ నొక్కితే ట్యాంకు నిండుతుంది. అయినా ఆమె చేతిలో కడ్డీ ఎంత పొడవు ఉండాలో మీరు నిర్ణయించారు. ఎవరు మీకు ఆ అధికారం ఇచ్చింది? సిగ్గులేదా అని అడగబోయాను. అడిగేశాను కూడా. ఆయన వాకింగ్ దారి మార్చుకున్నారు.

రెండు రోజుల తర్వాత చూస్తే బోరింగుకు మళ్లీ చెయ్యి మొలిచింది. రేకుల ఇళ్లలో ఒకామె భర్త లారీ టైర్లు విప్పే పని చేస్తాడట. బిగిసిన నట్టు రాకపోతే పానాకు గొట్టం తొడిగి తిప్పడం అతనికి రోజూ ఉన్నదే. రెండంగుళాల జీఐ పైపు ముక్క తెచ్చి, కోసిన మొండికి తొడిగాడు. ఆడవాళ్లు నీళ్లు పట్టుకునేటప్పుడు పైపు తొడుగుతారు, అయిపోగానే ఊడదీసి బిందెతో పాటు ఇంటికి తీసుకుపోతారు. పాత హ్యాండిల్ కంటే మూరెడు పొడవు కూడా. అవ్వ ఇప్పుడు ఒంటిచేత్తో కొడుతోంది, రెండో చేత్తో కొంగు సర్దుకుంటూ.

సంఘం చూస్తూ ఊరుకుంటుందా? వేపచెట్టుకు నోటీసు అంటించింది. ఉమ్మడి ఆస్తికి అనుమతి లేని పొడిగింపు చేయడం నేరమని, పైపు ముక్క ఎవరిదో వారం లోపల తెలియజేయాలని అందులో ఉంది. విచారణకు ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశారు. కన్వీనరు కోశాధికారి గారు.